తువాలు కింద దాచిన జవాబు

2022లో, వనపర్తిలో ఇంగ్లీష్ పరీక్షలకు శిక్షణ ఇస్తున్నప్పటి మాట ఇది. విదేశాల్లో నర్సు ఉద్యోగం చేయాలంటే ఈ పరీక్షలో ప్రతి విభాగంలోనూ వాళ్లు కోరిన బ్యాండ్, అంటే స్కోరు, రావాలి. పెబ్బేరు దగ్గరి పల్లె నుంచి వచ్చే స్టాఫ్ నర్సు మంజులకు మిగతావన్నీ వచ్చేవి, వ్యాసం ఒక్కటే రెండుసార్లు ముంచింది. ఆమెను తీసుకుంటామన్న ఆసుపత్రి ఇంకొక్క అవకాశమే ఇచ్చింది.

మంజుల భాష చక్కగానే ఉండేది. కానీ వ్యాసం మొదటి పేరాలోనే మన అభిప్రాయం తేల్చి చెప్పాలి; దాన్ని థీసిస్ స్టేట్‌మెంట్ అంటాం. ఈ పిల్ల అటు కొంత, ఇటు కొంత రాసి, చివరి వాక్యం దాకా ఏ సంగతీ తేల్చేది కాదు. ఒకరోజు నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నీ మనసులో మాట ముందే చెప్తే ఏం పోతుంది మంజులా?"

"ముందే చెప్తే మోసపోతం కద మేడం," అంది అమాయకంగా.

బండి మీద ఆమెను దింపడానికొచ్చిన వాళ్ల నాన్న గుమ్మం దగ్గర నిలబడి నవ్వాడు. ఆయన పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చే దళారి. అక్కడ తువాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పైకి ఒక్క మాటా రాదు. "చిన్నప్పటిసంది నా ఎంబడి సంతకొచ్చి గిదే నేర్సుకుంది మేడం," అన్నాడు. నాకూ నవ్వొచ్చి, కోపం పోయింది.

ఆ రోజు ప్రశ్న, పల్లెకు ముందు కావలసింది ఆసుపత్రా, రోడ్డా అని. నర్సు కదా, ఆసుపత్రే అంటుందనుకున్నాను. మంజుల పెన్ను పట్టుకుని తండ్రి వైపు చూసింది.

"చెప్పు బిడ్డా. ఈడ బేరం లేదు," అన్నాడాయన.

"తొవ్వనే ముందు మేడం. అమ్మకు నొప్పులొచ్చిన దినం దవాఖాన ఉండె. వానకు తొవ్వ తెగిపోయి ఆడిదాంక పోలేకపోయినం. నడుమలనే అమ్మ పోయింది."

ఆ అభిప్రాయాన్నే ఇంగ్లీషులో మొదటి పేరాగా రాసింది. తండ్రి తల వంచుకుని బయటికి వెళ్లాడు. ఆ పేజీ నేను దిద్దలేకపోయాను.

ఈసారి పరీక్షలో మంజులకు వ్యాసంలోనూ కావలసిన బ్యాండ్ వచ్చింది. ఆ కబురు చెప్పడానికి ఫోన్ చేసి, "ఇన్నేండ్లల్ల మా ఇంట్ల అమ్మ ముచ్చట ఎప్పుడు తియ్యలె మేడం. గా దినం ఇంటికి పోయినంక నాయిన, నేను పొద్దుగూకేదాంక గదే మాట్లాడుకున్నం," అంది.

కొత్తగా చేరినవాళ్లకు ఇప్పుడు ఇదివరకటిలా నమూనా వ్యాసాలు ముందే ఇవ్వడం లేదు. నీకేమనిపిస్తోందని అడిగి, చెప్పేదాకా ఓపికగా కూర్చుంటున్నాను. చాలామందిని ఆ మాట అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.