లక్నవరం అడవిలో నేను కనిపెట్టిన జలపాతం

లక్నవరం చెరువు వెనక అడవిలో మూడు తాటిచెట్ల ఎత్తునుంచి దూకే జలపాతం ఒకటి ఉంది. దాన్ని కనిపెట్టింది నేను. డెబ్బై దాటిన మోకాళ్లతో, అడ్డం వచ్చిన ఎలుగుబంటిని గొడుగుతో అదిలించి, మా వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి మరీ కనిపెట్టాను.

ఈ నాలుగు ముక్కలూ చదివి మా ఆవిడ సుగుణమ్మ, "ఎలుగుబంటిని తీసెయ్యి. చర్చిల అందరు అడుగుతరు, నాకు సిగ్గయితది" అంది. తీసెయ్యను. ఆ చోటు వచ్చినప్పుడు నిజం చెప్తాను. తాటిచెట్ల లెక్క కూడా అక్కడే సర్దుకుందాం.

ముందు ఈ ప్రయాణం ఎందుకు పడిందో చెప్పాలి. హనుమకొండలో నాకు ఫొటో స్టూడియో ఉండేది. గోడకు కట్టిన పరదా మీద నీలం, ఆకుపచ్చ రంగుల్లో పెద్ద జలపాతం. పెళ్లి సంబంధాల ఫొటోలకు, పదో తరగతి గ్రూపులకు సగం ఊరు ఆ నీళ్ల ముందు నిలబడి తల దువ్వుకుంది. ఇన్నేళ్లలో నేను చూసిన జలపాతం కూడా అదొక్కటే.

మా వియ్యంకుడు శామ్యూల్ గారిది డోర్నకల్. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మా కోడలు గ్రేస్ ఆయనకు ఒక్కతే కూతురు. మనవరాలి తొట్టెల ఫంక్షన్లో, భోజనాల దగ్గర నేనొక కథ చెప్పాను. పిల్లల నిశ్చితార్థానికి వస్తూ ఆయన రైల్లో నిద్రపోయి, కాజీపేటలో దిగకుండా సికింద్రాబాద్ దాకా వెళ్లిపోయారని. "బతుకంత రైళ్లను సాగనంపిన మనిషిని ఆ రోజు రైలే సాగనంపింది" అన్నాను. బంతి మొత్తం పడి పడి నవ్వింది. శామ్యూల్ గారు నవ్వలేదు. పాయసం ముట్టకుండా లేచి చేయి కడుక్కున్నారు. నిజానికి సికింద్రాబాద్ అన్నది కొంచెం సాగదీసిందే. జనగామ అనుకోండి.

ఆ రోజు నుంచి ఆయన మా గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే, "బాగున్నరా బావగారూ? దేవుని కృప వల్ల మేమూ బాగున్నం" అనడం, పెట్టెయ్యడం. తిట్టినా బాగుండేది. వియ్యంకుడి మర్యాద ఎంత చల్లగా ఉంటుందో అనుభవించినవాళ్లకు తెలుసు.

ఇంతలో మనవరాలి బాప్తిస్మం ఆదివారానికి పెట్టుకున్నాం. సోమవారం పొద్దున గ్రేస్ నాకు టీ ఇస్తూ, "మామయ్యా, మా డాడీ రానంటాండు. డాడీ లేకుంట నేను పాపకు బాప్తిస్మం చేయించ. మీరే తెంపిన్రు, మీరే అతుకుండ్రి" అంది.

క్షమించమని అడగడానికే ఫోన్ చేశాను. నోట్లోంచి జలపాతం వచ్చింది. "బావగారూ, లక్నవరం వెనక నాకొక్కనికే తెలిసిన జలపాతం ఉన్నది. ఎన్నిసార్లు పోయిన్నో లెక్కలేదు. మీకు చూపిస్త" అన్నాను. ఎప్పుడో ఒక గిరాకీ ఫొటో దిగుతూ చెప్పిన మాట అది. అవతల టైం టేబుల్ పేజీలు తిప్పిన చప్పుడైంది. తర్వాత, "సరే బావగారూ, గురువారం వస్త" అన్నారు.

గురువారం ఆయన డోర్నకల్ నుంచి తెల్లవారుజామున బండెక్కి వరంగల్‌లో దిగి, ఏడింటికల్లా హనుమకొండ బస్టాండుకు వచ్చేశారు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, పాలిష్ పెట్టిన బూట్లు. నేను చెప్పులతో వెళ్లాను. ఈ దారిన వెళ్లాలనుకునే పాఠకులు బూట్లే వేసుకోవాలని నా సలహా. ఇడ్లీ తిని ములుగు మీదుగా పోయే బస్సెక్కాం.

ఇద్దరి సీటు దొరికింది. "కిటికీ దగ్గర మీరు కూర్చోండ్రి బావగారూ." "అయ్యో, మీరు కూర్చోండ్రి." "పెద్దవారు మీరు." "గాలి మీకు మంచిది." ఇలా నడవాలోనే నిలబడి ఉండగా వెనకనుంచి ఒకామె తన కూరగాయల గంపను కిటికీ పక్కన దబ్బున పెట్టింది. "మీరు తేల్చుకునేటాల్లకు ములుగస్తది. గప్పటిదాంక నా గంప కూసుంటది" అంది. మిగిలిన అర సీటులో ఇద్దరం ఒత్తుకుని కూర్చున్నాం. కండక్టర్ రాగానే నేను "రెండు" అన్నాను, అదే క్షణంలో ఆయనా "రెండు" అన్నారు. కండక్టర్ నాలుగు టికెట్లు కొట్టి, "మిగిలిన ఇద్దరేరి తాతా?" అని బస్సంతా వెతికాడు.

ఎనిమిదిన్నరకు ములుగులో టీ. ఇంకో గంటకు బుస్సాపూర్ దగ్గర దిగి, షేర్ ఆటోలో పది దాటుతుండగా చెరువు చేరాం. వానలు బాగా పడ్డ సంవత్సరం. చెరువు నిండుగా ఉంది. నీళ్ల మధ్య దీవులు, వాటి మీద మబ్బు నీడలు. వేలాడే వంతెన మీద శామ్యూల్ గారు పట్టాల పక్కన నడిచినట్టు నిటారుగా నడిచారు. నేను కూడా ధైర్యంగానే నడిచాను, రెండు చేతులతో తాడు పట్టుకుని, కళ్లు మూసుకుని.

పదకొండున్నరకు ఒడ్డున కూర్చుని సుగుణమ్మ కట్టిన పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు తీశాం. ఇదే మంచి సమయం అనుకుని గొంతు సవరించుకున్నాను.

"బావగారూ, ఆ తొట్టెల నాడు నేను..."

"పల్లీలు మంచిగ వేగినయి బావగారూ" అన్నారాయన.

అంతే. చివరికొక గుడ్డు మిగిలింది. "మీరు తీసుకోండ్రి" అంటే "మీరే తీసుకోండ్రి" అనుకుంటుండగా ఒక కోతి వచ్చి తీసుకుంది. దానికి వియ్యంకులెవరూ లేనట్టుంది.

పన్నెండింటికి అడవి బాట పట్టాం. టేకు, తునికి, ఇప్ప చెట్లు. నిన్నటి వాన ఆకుల మీదినుంచి ఇంకా బొట్లు బొట్లుగా రాలుతోంది. బాట మనిషి వెడల్పే ఉంది, అంటే ఇద్దరిలో ఒకరు ముందు నడవాలి. నాకు దారి తెలియదు. "మీరు ముందు నడవండ్రి బావగారూ, అతిథులు" అన్నాను. ఆయన నడిచారు. బాట రెండుగా చీలిన చోట ఆగి, వెనక్కి తిరిగి చూశారు. నేను చిరునవ్వు నవ్వాను. "మీకెటు ఇష్టమైతే అటే" అన్నాను, రెండు దారులూ నావే అయినట్టు. ఎడమకు తిరిగారు. ఇంకో చీలిక దగ్గర మళ్లీ చూశారు. "మీ ఇష్టం" అన్నాను. కుడికి తిరిగారు. దారి తెలుసా అని నన్నడగడం ఆయన మర్యాదకు తక్కువ. తెలియదని చెప్పడం నా పరువుకు తక్కువ. వియ్యంకులు అడవిలో తప్పిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒకచోట బండ మీదినుంచి మా ఇంటి నల్లా అంత ధార కారుతోంది. శామ్యూల్ గారు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇదేనా బావగారూ?" అన్నారు.

"ఇది పిల్ల జలపాతం. తల్లి ముందటున్నది" అన్నాను.

చాలాసేపు నడిచాక పాత గుట్కా ప్యాకెట్ అంటుకున్న పుట్ట ఒకటి వచ్చింది. దాన్ని అంతకుముందే చూశాం. ఇంకాసేపటికి మూడోసారి కూడా చూశాం. ఆయన పుట్టకు నమస్కారం పెట్టినట్టు తల వంచి, "ఈ అడవిల పుట్టలన్ని ఒక్క తీరే ఉంటయ్ అనుకుంట బావగారూ" అన్నారు. ఆయన బూట్ల పాలిష్ ఎప్పుడో పోయింది. చొక్కాకు ఆకుపసరు. మూతి మాత్రం బిగుసుకునే ఉంది. ఈ మనిషి ఇలాగే డోర్నకల్ తిరిగి వెళ్తే ఆదివారం మాట దేవుడెరుగు, ఇక పాప పెళ్లికే కలుస్తామనిపించింది.

అప్పుడే పొదల్లో ఏదో కదిలింది. నల్లగా, బురదగా, బుస్సుమంటూ. నేను గొడుగు ముందుకు చాచి, "ఎలుగుబంటి! బావగారూ, మీరు వెనక్కి జరగండ్రి!" అని అరిచాను. (వెనక్కి జరిగింది నేను.) గొడుగు కొన దానికి తగిలింది.

"ఓ తాతా! నా బర్రెనెందుకు పొడుస్తానవ్?" అని పొదల్లోంచి ఒకామె బయటికొచ్చింది. చేతిలో కర్ర, నెత్తిన ప్లాస్టిక్ సంచి టోపీ. ఆమె వెనక మరో నాలుగైదు ఎలుగుబంట్లు నెమరు వేస్తూ వచ్చాయి.

"ఏడికి పోతాండ్రు ఇట్ల, ఇద్దరు ముసలోళ్లు?"

"జలపాతానికి" అన్నాను, గొడుగు మడుస్తూ.

"అంటే?"

"నీళ్లు పైకెల్లి కింద పడే జాగ అమ్మా" అన్నారు శామ్యూల్ గారు.

"నీళ్లు దుంకే కాడికా? గట్ల చెప్పరాదు! బర్రెలు గాడికే పోతానయ్. ఎంబడి పోండ్రి."

బర్రెల వెంట పడ్డాం. ఎవరు ముందు నడవాలన్న చిక్కు అంతటితో తీరిపోయింది. బర్రె వెనక్కి తిరిగి ఎవరి ఇష్టమూ అడగదు.

రెండున్నరకు హోరు వినిపించింది. చెట్లు దాటగానే కనిపించింది. తెల్లటి తెరలా, అంత వెడల్పున, ఒకే ఊపులో నీళ్లు దూకుతున్నాయి. పై అంచు గీత గీసినట్టు సమంగా ఉంది. రాళ్లు మేస్త్రీ పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ప్రకృతి పనితనానికి చేతులు జోడించాను. ఎత్తు మాటకొస్తే మూడు తాటిచెట్లు కాదు. ఒకటి. అదీ లేత తాటిచెట్టు. ధార కింద కూర్చుంటేనే తల తడుస్తుంది, అదొక ప్రత్యేకత.

ఆనందంలో ఒక అడుగు ముందుకేశాను. పాచి. "బావగారూ, దయచేసి జాగ్రత్త, మీరు జారి పడే అవకాశం..." అని ఆయన మర్యాదగా మొదలుపెట్టారు. వాక్యం పూర్తయ్యేసరికి నేను నడుము లోతు నీళ్లలో కూర్చుని ఉన్నాను.

ఇంత మడుగులో కూర్చున్నవాడికి ఇంకేం పరువు మిగులుతుంది? నీళ్ల హోరులో గట్టిగా అరిచాను. "బావగారూ! నాది తప్పు! సికింద్రాబాద్ గాదు! జనగామ!"

ఆయన చెవి దగ్గర చేయి పెట్టుకున్నారు. "ఏమన్నరు బావగారూ?"

"జనగామ!"

వినబడలేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. తర్వాత బూట్లు విప్పి పక్కపక్కన పెట్టారు. చొక్కా విప్పి మడత పెట్టి బూట్ల మీద పెట్టారు. వచ్చి నా పక్కన ధార కింద కూర్చున్నారు. నీళ్లు నెత్తిన పడగానే "హా!" అని ఒక కేక వేశారు. ఆయన నోట్లోంచి "బావగారూ" లేకుండా వచ్చిన మొదటి మాట అది.

ఒడ్డున పెట్టిన సంచిలోని ఫోన్‌తో ఫొటో తీయమని బర్రెలామెకు చెప్పాను. "నవ్వుండ్రి జర, మొకాలు గట్ల పెట్టిండ్రేంది" అంది. ఊరందరినీ జలపాతం ముందు నిలబెట్టి నవ్వమన్నవాణ్ణి. నాతో ఒకరు ఆ మాట అనడం ఇదే మొదలు. కింది భాగంలో ఆమె వేలు కూడా పడింది గానీ, ఫొటో బాగుంది.

తిరుగు దారి ఆమే చూపించింది. మేము గంటలకొద్దీ అడవిలో నడిచాం గానీ, రోడ్డు అక్కడికి పిలిస్తే పలికేంత దూరంలోనే ఉంది. ఈ దారిన వచ్చేవాళ్లు ముందే ఎవరినైనా అడగండి. అడిగితే పరువు పోదు. పోయినా బట్టలు పొడిగా ఉంటాయి.

బుస్సాపూర్‌లో సిగ్నల్ రాగానే ఫొటో గ్రేస్‌కు పంపాను. "ఇద్దరూ ఒక్క ఫొటోలనా?!" అని జవాబొచ్చింది. ఆ ధైర్యంతో, "ఆదివారం వస్తరు గద బావగారూ?" అన్నాను.

"చూద్దాం బావగారూ" అన్నారు. నా గుండె మళ్లీ బుస్సాపూర్‌లోనే దిగిపోయింది.

అయిదున్నర బస్సులో ఈసారి గంప రాకముందే నన్ను కిటికీ దగ్గరికి నెట్టి, ఆయన పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నారు. ములుగు దాటాక ఎదుటి సీటులో ఉన్న టీచరమ్మ మా తడి బట్టలు చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. అడవి, ఎలుగుబంటి, మూడు తాటిచెట్లు, అన్నీ యథాస్థానంలోకి వచ్చాయి. ఆమె శామ్యూల్ గారి వైపు చూసి, "సార్ మంచి నిద్రల ఉన్నరు. స్టేజీ దాటిపోతరేమో, లేపుండ్రి" అంది.

కథ నాలుక చివరిదాకా వచ్చింది. సికింద్రాబాద్ సహా వచ్చింది. బస్సులో అందరూ వింటున్నారు. పళ్ల మధ్య పట్టి మింగేశాను.

"మా బావగారు దిగే చోటు ఎన్నడు దాటిపోలేదమ్మా" అన్నాను. "రైల్వే మనిషి."

శామ్యూల్ గారు కళ్లు తెరవలేదు. నోరు తెరిచారు, బస్సంతా వినబడేలా.

"అబద్ధం. దాటిపోయిన. గని పోయింది సికింద్రాబాద్ గాదు, జనగామ గాదు, ఘన్‌పూర్. ఒక్క స్టాప్. అది ఎలుగుబంటి గాదు, బర్రె. మనం చూసింది జలపాతం గాదు, కుంట నిండి పారే మత్తడి. మనుషులు కట్టిన గోడ, నీ భుజం దాక గూడ లేదు, సూడంగనే ఎరుకైంది నాకు. ఆదివారం పొద్దుగాల బండికి వస్తాన, కాజీపేటల నిలబడి నన్ను లేపు. ఇగ జరుగు బావా, కిటికి కాడ నేను కూసుంట."