ప్రొఫెసర్ ఒసాఫోగారి మాటపెద్దలు

ప్రొఫెసర్ ఒసాఫోగారికి కోపం వస్తే, ఎవరిమీద వచ్చిందో ఆ మనిషితో మాట్లాడరు. పక్కనున్నవాళ్ళతో చెప్పిస్తారు. ఆయనకి కోపం రాని పూట లేదు కాబట్టి, కుమాసి నగరంలోని ఆసుపత్రి స్కానింగ్ విభాగంలో ఆయన నోటినుంచి నేరుగా తిట్టు అందుకున్నవాళ్ళు లేరు. ఆ దేశపు రాజుల కొలువులో అయితే సరే, అక్కడ రాజు మాట కర్ర పట్టుకున్న మాటపెద్ద నోటిమీదుగానే రావాలి. ఒసాఫోగారి మేనమామ ఏదో చిన్న ఊరికి రాజే కూడాను. కానీ స్కానింగ్ గదిలో ఈ దర్బారేమిటని అక్కడ కొత్తగా చేరిన కుర్ర డాక్టర్ అబ్రఫీకి ఒళ్ళు మండిపోయేది.

ఆమె చేరిన రోజునే మొదలైంది. మంచంమీద కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న ముసలావిడ వైపు తిరిగి, "అమ్మా, ఈ అమ్మాయికి చెప్పు. తను చూస్తున్నది కాలేయం కాదు, మూత్రపిండం!" అన్నారాయన.

ఆవిడ మూలుగు ఆపి, "మూత్రపిండమట తల్లీ," అంది.

"ఆయనకి చెప్పండి, నాకు తెలుసని! కాలేయం దగ్గరికే వెళ్తున్నానని!"

"వెళ్తోందట నాయనా. మధ్యలో నా నొప్పి సంగతి కూడా ఎవరైనా చూస్తారా?"

మనుషులు దొరక్కపోతే వస్తువులున్నాయి. కరెంటు పోయినప్పుడు, కరెంటాఫీసువాళ్ళకి సిగ్గుందేమో కనుక్కోమని ఆగిపోయిన ఫ్యానుకి పురమాయించారు.

అబ్రఫీది బెక్వాయి అనే చిన్న ఊరు. అక్కడి క్లినిక్కులో ఎక్స్‌రే లేదు. రొప్పుతున్న పిల్లల్ని వీపుకి కట్టుకుని తల్లులు కిక్కిరిసిన వ్యానుల్లో కుమాసిదాకా రావాలి. చేతిలో ఇమిడే అల్ట్రాసౌండ్ మిషనుతో పిల్లల ఊపిరితిత్తుల్లో నిమోనియాని అక్కడికక్కడే పట్టేయొచ్చని ఆమె పరిశోధన. చేతిలో ఉన్న మిషను మాత్రం అరువుది. ఆ ఏడు స్కానింగ్ డాక్టర్ల సంఘం, మంచి పరిశోధనకి అలాంటి మిషన్నే బహుమతిగా పెట్టింది. గెలిచి దాన్ని బెక్వాయి పట్టుకుపోవాలని అబ్రఫీ పంతం.

ఇక ఆమె తీసిన ప్రతి స్కాన్ బొమ్మకీ యుద్ధమే. మాటలు మోసే పని ఆ విభాగం నర్సు సిస్టర్ డుఫీది.

"సిస్టర్, ఈ అమ్మాయికి చెప్పు. ఇది నిమోనియా కాదు, పక్కటెముక నీడ. చెత్త!"

"సిస్టర్, సార్‌కి చెప్పండి. ఊపిరి తీస్తే కదులుతోంది. నీడైతే ఎందుకు కదులుతుంది?"

"కదులుతోందట సార్."

"అయితే ఇంకో పిల్లాడిలో చూపించమను!"

అబ్రఫీ పళ్ళు కొరుక్కుంటూ ఇంకో పిల్లాడిలో చూపించేది. "మీ ఇద్దరివైపూ తిరిగి తిరిగి నా మెడ పట్టేసింది. ముందు దానికి స్కాన్ తియ్యండి," అనేది డుఫీ.

చివరికి రాజధాని అక్రాలో బహుమతి సభ. పరిశోధన కాగితంమీద పేరు అబ్రఫీదే. కానీ పెద్దవాళ్ళు కూర్చునుండగా చిన్నదాన్ని పిలవడం మర్యాద కాదనుకున్నాడు సంఘాధ్యక్షుడు. "ఈ ఏటి బహుమతి ప్రొఫెసర్ ఒసాఫోగారికీ, వారి బృందానికీ! మిషను వారి విభాగానికి!" అని ప్రకటించాడు.

అబ్రఫీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "చెత్త అన్నవాడికా బహుమతి? బెక్వాయి పిల్లల గతేమిటి?" అని లేవబోతే డుఫీ చెయ్యి పట్టుకుని ఆపింది.

ఒసాఫోగారు వేదిక ఎక్కారు. అధ్యక్షుడు చాచిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఆయన మైకు వైపు తిరిగారు.

"మైకూ! ఈ అధ్యక్షుడికి బుద్ధుందేమో అడుగు. ఆ బొమ్మలు చెత్త అన్నవాణ్ణి నేను. అన్న ప్రతిసారీ నాది తప్పని రుజువు చేసింది ఆ అమ్మాయి. తప్పు చెప్పినవాడికి బహుమతి ఇస్తాడా? ఇంతకంటే అవమానం ఉందా?"

"సార్, ఆమె చిన్నపిల్ల కదా..." అని నసిగాడు అధ్యక్షుడు.

"చిన్నపిల్లట, విన్నావా మైకూ! నేను మొహంమీద తిడితే మన పిల్లలెవరైనా నోరు విప్పుతారా? తల దించుకుని 'సరే సార్' అంటారు. 'సరే సార్' అంటే ఇక పరిశోధనెక్కడిది? మధ్యలో మనిషిని పెట్టబట్టే కదా ఆ అమ్మాయి నాతో కడుపారా పోట్లాడింది! మిషను బెక్వాయికి పోవాలి. అంతవరకు నేను దిగనని చెప్పు!"

అబ్రఫీ వెనక్కి తిరిగి లెక్క చూసుకుంది. నిజమే, ఇన్నాళ్ళలో ఆయనతో ఒక్కసారి కూడా "సరే సార్" అనలేదు తను. ఆయన అననివ్వలేదు.

అధ్యక్షుడు తడబడుతూ ఆమె పేరు పిలిచాడు. అబ్రఫీ వేదిక ఎక్కింది, మిషను డబ్బా చేతికొచ్చింది. అప్పుడు ఒసాఫోగారు మొట్టమొదటిసారిగా ఆమె కళ్ళలోకి నేరుగా చూశారు.

"అబ్రఫీ..." అన్నారు. సాయం కోసం అటూ ఇటూ చూశారు. చివరికి ఆమె చేతుల్లోని డబ్బా వైపు వంగి, "ఈ అమ్మాయికి చెప్పు, బాగా చేసిందని," అని గొణిగారు.

అబ్రఫీ కూడా డబ్బా వైపు వంగింది. "సార్‌కి చెప్పు, నాకు వినపడలేదని."

"వినపడలేదా! చెవులకి కూడా స్కాన్ తీయించుకోమని చెప్పు!" అని అరిచి, ఒసాఫోగారు గబగబా మెట్లు దిగిపోయారు.