టచింగ్ పిన్ని వేసిన ముఖం

ఆవిడని అందరూ టచింగ్ పిన్ని అంటారు. కట్టుకున్న మొగుడు కూడా కోపం వచ్చినప్పుడు అదే పేరుతో పిలుస్తాడు. ఆయనది ఫొటో స్టూడియో. ఆయన ఫొటో తీస్తే, సన్నటి కుంచె పట్టుకుని దాన్ని నలుగురూ చూడదగ్గట్టు దిద్దే టచింగ్ పని పిన్నిది. మచ్చలు మాపేది, బట్టతలల మీద జుట్టు మొలిపించేది, మూసుకుపోయిన కళ్ళు తెరిపించేది. ఎదురుపడితే మొహాలు తిప్పుకునే అన్నదమ్ముల్ని ఒకే ఫొటోలో, భుజాల మీద చేతులు వేయించి నిలబెట్టిన ఘనురాలు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడానికి కుంచెతో పనేముంది? పిన్ని కుంచెలు డబ్బాలో ఎండిపోయాయి, వాటితోపాటు పిన్ని కూడా కొంచెం ఎండిపోయింది.

అలాంటప్పుడు మ్యూజియం వాళ్ళు వేసవి శిక్షణ పెట్టారు. పాత చిత్రాల్ని బాగుచేయడం దగ్గరుండి చేయించి నేర్పుతారట, వయసుతో నిమిత్తం లేదట. ఈ వయసులో బళ్ళో చేరతావా అని మొగుడు నవ్వాడు. నవ్వేవాళ్ళ ముందు జారిపడకుండా ఉంటే చాలనుకుని పిన్ని చేరిపోయింది. పెద్ద పెద్ద కిటికీలున్న హాలు, పొడుగాటి బల్లలు, ముక్కుపుటాలు అదిరే మందుల వాసన, పుల్లలకి దూది చుట్టుకుంటూ కూతురి వయసు పిల్లలు. మొదటి పూటే పిన్నికి ఆ హాలు పుట్టింటిలా అనిపించింది.

నేర్పే మేడమ్ మాత్రం ఒకపట్టాన కొరుకుడు పడలేదు. ఆవిడ సూత్రాలు పిన్నికి ఎదురు సూత్రాలు. మనం వేసిన రంగు రేపు ఎవరైనా తుడిస్తే పోవాలి. అసలు రంగు మీదికి మన కుంచె వెళ్ళకూడదు. ఏది పాతదో ఏది మనదో దగ్గరికొచ్చి చూసినవాళ్ళకి తెలియాలి. ఏముండేదో తెలియని చోట ఊహించి వేయకూడదు, ఉత్త మట్టిరంగు పూసి ఊరుకోవాలి. జాడ కనబడకపోవడమే పనితనమని నమ్మి బతికిన మనిషికి జాడ కనబడాలంటే ఒళ్ళు మండదా? మండింది. అయినా బుద్ధిమంతురాలిలా తలూపింది.

తలా ఒక చిత్రం ఇచ్చారు. పిన్ని బల్ల మీదికి, గుడ్డపై రంగులతో వేసిన ఒక దంపతుల చిత్రం వచ్చింది. భర్త నిలబడ్డాడు, భార్య కుర్చీలో కూర్చుంది. ఎప్పుడో పైకప్పు కారి వాననీళ్ళు భార్య ముఖం మీదుగా దిగాయి. రంగు పెచ్చులుగా రాలిపోయి, నుదుటి నుంచి గడ్డం దాకా బోసి గుడ్డ మిగిలింది. ఒక పక్కన చెవి ఒక్కటే నిలిచింది. ఆ చిత్రాన్ని తెచ్చి ఇచ్చింది వాళ్ళ కూతురే. ఇప్పుడావిడ పండు ముసలి. ఆవిడ ఉయ్యాల్లో ఉండగానే తల్లి పోయింది. తల్లిది ఇంకో బొమ్మ లేదు, తల్లిని చూసినవాళ్ళూ ఎవరూ మిగల్లేదు. చిత్రం అప్పగించిన రోజున పెద్దావిడ ఆ ఖాళీ వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. పిన్ని పెద్దావిడ వైపు చూస్తూ నిలబడింది.

మేడమ్ పనిమీద వేరే ఊరు వెళ్ళినప్పుడు జరిగింది ఆ ఘనకార్యం. పిన్ని సుద్దముద్దతో గుంటలు పూడ్చి, నున్నగా రుద్ది, చెప్పినట్టే మట్టిరంగు కలిపింది. చెయ్యి మాత్రం చెప్పిన మాట వినలేదు. ముందు ఒక కనుబొమ్మ వేసింది. దానికి జత వేయకపోతే ఎలా? కనుబొమ్మలుండి కళ్ళు లేకపోతే ఏం బాగుంటుంది? పెద్దావిడ ముక్కు గుర్తొచ్చింది, దాన్ని దించింది. మిగిలిన చెవి బయటికి పొడుచుకొచ్చి తను వేసిన ముఖానికి నప్పలేదు. స్టూడియోలో అలాంటి చెవుల్ని ఎన్నిటినో వెనక్కి సర్దిన చెయ్యి, దీన్నీ సర్దేసింది. సాయంత్రానికి కుర్చీలో ఒక చక్కని ఇల్లాలు కూర్చుంది. పిల్లలంతా చుట్టూ మూగి ముక్కున వేలేసుకున్నారు. పిన్నికి కడుపు నిండిపోయింది.

మర్నాడు పెద్దావిడ చెప్పాపెట్టకుండా వచ్చింది. చిత్రం ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"మా అమ్మ ఇంత చక్కగా ఉండేదా?" అంది.

అది నా ఊహే అని చెప్పాల్సిన మాట పిన్ని నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్ళ పనిలో ఆవిడ ఆశపడ్డదల్లా ఎదుటి మనిషి కళ్ళలో ఆ వెలుగు కోసమే. పెద్దావిడ పిన్ని చేతులు రెండూ కళ్ళకద్దుకుని వెళ్ళింది.

మేడమ్ తిరిగొచ్చి చూసింది. కేకలు వేస్తుందని పిల్లలంతా బిగుసుకుపోయారు. ఆవిడ కూర్చుని, జరిగిందంతా పిన్ని నోటితోనే చెప్పించుకుంది. మేడమ్ చెప్పిన మొదటి సూత్రం ఒక్కటి మాత్రం పిన్ని తప్పలేదు, వాడినవి తుడిస్తే పోయే రంగులే.

"చిత్రం మీది ముఖాన్ని ఎవరైనా తుడిచేస్తారు. ఆవిడ మనసులో పడిన ముఖాన్ని ఎవరు తుడుస్తారు?" అంది మేడమ్. ఆ తుడిచే పని నీదేనని వేరే చెప్పలేదు.

స్టూడియో షట్టర్ దించుతూ మొగుడు విషయం విన్నాడు. ఆయనది తేలిక లెక్క. ముసలావిడ సంతోషంగా ఉంది, నిజం చెప్పి ఆ ప్రాణాన్ని ఉసూరుమనిపించడం ఎందుకంటాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే? మనం ఎంతమందికి కళ్ళు తెరిపించలేదు?"

"వాళ్ళు అడిగి చేయించుకున్నారండీ. అవి దొంగకళ్ళని వాళ్ళకి తెలుసు. ఈవిడకి తెలీదు," అంది పిన్ని.

ఆయన తాళం రెండుసార్లు లాగి చూశాడు. పెళ్ళాం మాట నెగ్గినప్పుడల్లా అది ఆయన అలవాటు.

పెద్దావిడ మళ్ళీ వచ్చేసరికి పిన్ని కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరుగుతోంది. పెద్దావిడ నవ్వుతూ వచ్చింది. ఇంట్లో అద్దం ముందు కూర్చుంటే పొద్దే తెలియలేదని, వెతగ్గా వెతగ్గా అమ్మ పోలిక ఒకటి దొరికిందని చెప్పింది.

"ముక్కు మా అమ్మదే వచ్చింది నాకు, చూడు."

"ముక్కు మీదేనండీ," అంది పిన్ని. "మిమ్మల్ని చూసి నేను వేశాను. ఆ కళ్ళు నేను కల్పించినవి, నోరూ అంతే. మీ అమ్మగారు ఎలా ఉండేవారో నాకు తెలీదు. అడక్కుండా వేశాను, అడిగినప్పుడు చెప్పలేదు. తప్పు నాది."

పెద్దావిడ చిత్రం వైపు తిరిగింది. తిట్టినా బాగుండునని పిన్నికి అనిపించింది. చివరికి, "తుడిచెయ్యి. నా ముందే తుడువు," అంది.

పిన్ని దూదిపుల్ల మందులో ముంచింది. పెదవులు పోయాయి, కళ్ళు పోయాయి. ముక్కు దగ్గర చెయ్యి ఆగింది. పెద్దావిడ కానివ్వమన్నట్టు తలూపింది, అదీ పోయింది. దూది మీద రంగు చూస్తుంటే పిన్నికి తన పేగు తనే తెంపుకుంటున్నట్టు ఉంది. చెవి దగ్గరికి వచ్చింది. తను సర్దిన చెవి కరిగిపోయి అడుగు నుంచి పాతది బయటపడింది. వెడల్పుగా, పైకొస మడతపడి, తలకి ఎడంగా నిలబడి ఉంది.

"అదీ నువ్వు వేసిందేనా?"

"కాదండీ. అది అమ్మగారిదే. బాగాలేదని నేనే కప్పేశాను."

పెద్దావిడ స్టూలు ముందుకి జరుపుకుంది. చెవుల మీదికి దువ్వుకున్న తెల్లజుట్టుని చేత్తో వెనక్కి నెట్టింది. అదే వెడల్పు, పైన అదే మడత. పిన్ని ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసింది. పనితనం చూసుకుని మురిసిపోయిన చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

చిన్నప్పటి నుంచీ ఈ చెవులు దాచుకోవడమే సరిపోయిందని చెప్పింది పెద్దావిడ. ఇంటిల్లిపాదీ వెక్కిరించేవాళ్ళట. నాన్న చెవులు చిన్నవి, ఆ పక్క అందరివీ చిన్నవే.

"ఎవరి పోలికో అనేవాళ్ళమ్మా నన్ను," అంది. చెప్తుంటే కన్నీళ్ళు జారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

పిన్ని కూడా ఏడ్చింది. ఏడుస్తూనే మళ్ళీ మట్టిరంగు కలిపి, చెవికి వెంట్రుకవాసి ఎడం వదిలి, ముఖం ఉండాల్సిన చోటంతా పూసింది. పెద్దావిడ ఆ పని అయ్యేదాకా పక్కనే కూర్చుంది. వెళ్ళేటప్పుడు జుట్టు చెవుల మీదికి లాక్కోలేదు.