ఆనంద్ పాల్ రాసిన రెండు వాక్యాలు

ఏలూరులో ఓ ప్రైవేటు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఆనంద్ పాల్‌ని కాలేజీలో ఎవరూ పెద్దగా లెక్కచెయ్యరు. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే పిలుస్తారు, తీసేశాక మర్చిపోతారు. యాభై రెండేళ్ళొచ్చాయి, ఇరవై ఏళ్ళ సర్వీసుంది, ఇప్పటికీ స్టాఫ్ మీటింగులో ఆయనకి వేసేది ప్లాస్టిక్ కుర్చీయే. పాపం, మనిషన్నాక ఎక్కడో ఒకచోట తన మాట చెల్లాలి కదా. ఆయన మాట చెల్లే చోటు ఒకటుంది. అదెక్కడో కాలేజీలో ఒక్కరికీ తెలీదు.

డబ్బు కట్టక్కర్లేకుండా దొరికే కంప్యూటర్ సిస్టం ఒకటుంది. దేశదేశాల వాళ్ళు పైసా తీసుకోకుండా, తీరిక వేళల్లో కూర్చుని తయారుచేస్తారు. అందులో తెలుగు అక్షరాలూ, తెలుగు టైపింగూ కలిపి ఒక ప్యాకేజీగా వెళ్తాయి. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషిని మెయింటైనర్ అంటారు. పదకొండేళ్ళుగా ఆ ప్యాకేజీ ఫైలు మొదటి లైన్లో ఉన్న పేరు ఆనంద్ పాల్‌ది. జీతం లేదు, శాలువా లేదు. అయినా ఆ పేరు మీద ఆయనకున్న మోజు సర్పంచ్ పదవి మీద కూడా ఎవరికీ ఉండదు.

విడివిడిగా రాసిన ప్రోగ్రాముల్ని చేర్చి, కంప్యూటర్ నడపగలిగేలా మార్చి, మూటగట్టడాన్ని బిల్డ్ అంటారు. ఆ పనికి ఆనంద్ పాల్ సొంతంగా ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటర్ వరసగా చెయ్యాల్సిన పనుల చిట్టా, రాసుకున్నాడు. తొమ్మిది వందల లైన్లు. ఇవాళ ఇక్కడ అతుకు, రేపు అక్కడ మాటు, అలా పెరిగింది. ఏ లైను తీస్తే ఏది కూలుతుందో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. తన తర్వాత ఇది ఇంకెవరివల్లా కాదు అనుకోవడంలో ఆయనకొక సుఖం ఉండేది. సిగ్గుపడాల్సిన సుఖమే, కానీ ఉండేది.

ఆ సుఖానికి ఎసరు పెట్టింది బయటివాడు కాదు, జయకృష్ణ. తాడేపల్లిగూడెం కుర్రాడు. డిప్లొమా చదివే రోజుల్లో పాసింజరు రైల్లో ఏలూరు వచ్చి, మధ్యాహ్నం క్యారేజీ ల్యాబ్‌లోనే తింటూ ఆనంద్ పాల్ పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు. ఇప్పుడు సొంతూళ్ళో ఇంటి నుంచే ఏదో కంపెనీకి పనిచేస్తున్నాడు. తెలుగు ప్యాకేజీ చూసే ఆరుగురి జట్టులోకి వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది కూడా ఆనంద్ పాలే. ఆ జయకృష్ణ కిందటి ఏడు జట్టుకంతటికీ ఒక మెయిల్ పెట్టాడు. బిల్డ్‌కి కొత్త టూల్ వచ్చిందనీ, తొమ్మిది వందల లైన్ల పని నలభై లైన్లలో అయిపోతుందనీ, రేపు మాస్టారికి జ్వరమొస్తే ప్యాకేజీ ఆగిపోకూడదు కదా అనీ రాశాడు. మెయిల్ నిండా అండీలే, మర్యాదకేం లోటు లేదు.

ఆనంద్ పాల్‌కి ఆ జ్వరం మాట దగ్గర కాలింది. ఏకు మేకై కూర్చుందని కృపమ్మ దగ్గర గింజుకున్నాడు. కృపమ్మ ఆయన భార్య, కొల్లేటి లంకలో ఒక బళ్ళో టీచరు. ఇక జట్టులో ఉత్తరాల యుద్ధం మొదలైంది. స్క్రిప్టు పదకొండేళ్ళలో ఒక్కరోజు కూడా ఆగలేదని ఈయన. ఆగిన ప్రతిసారీ మీరే లేచి సరిచేశారు కాబట్టి మాకు తెలియలేదండీ అని జయకృష్ణ. కొత్త టూల్ ఇవాళుంటుంది, రేపు దాన్ని చేసినవాళ్ళే గాలికొదిలేస్తారని ఈయన. భీమడోలులో ఉంటూ, జట్టులో కొత్త వెర్షన్ల విడుదల పని చూసే అఖిల మధ్యలో పడి, ఇద్దరూ కాస్త తగ్గమని బతిమాలింది. ఎవరూ తగ్గలేదు. ఒక్కో ఉత్తరం రాయడానికి ఆనంద్ పాల్ ఒక్కో ఆదివారం తగలేశాడు. చర్చి సండే స్కూల్లో పిల్లలకి పది ఆజ్ఞలు కంఠతా పట్టించే మనిషి, ఆ పిల్లల్ని కూడా వేరేవాళ్ళకి అప్పజెప్పేశాడు.

చివరికి ఆయన చేతిలో ఒక్క ముక్క మిగిలింది. పాత కంప్యూటర్లు. కృపమ్మ బళ్ళో ఎవరో ఆఫీసువాళ్ళు వద్దనుకుని ఇచ్చిన ఏడు కంప్యూటర్లున్నాయి. అంత పాతవి జట్టులో ఇంకెవరి దగ్గరా లేవు. వాటి మీద బళ్ళో పిల్లలు నెలనెలా ఒక గోడపత్రిక టైపు చేస్తారు. కొర్రమీను, ఇంగిలాయి, మట్టగిడస అంటూ చేపల పేర్లూ, ఏ చెరువులో నీళ్ళు మారాయో, ఎవరింట్లో పెళ్ళో రాసి, ప్రింటు తీసి పడవల రేవు దగ్గర గోడకి అంటిస్తారు. చదువురాని పెద్దాళ్ళు పిల్లల్ని నిలబెట్టి చదివించుకుంటారు. ఆ పత్రికంటే కృపమ్మకి ప్రాణం. కొత్త టూల్ ఆ మిషన్ల మీద నడవదని, పిల్లల తెలుగు పోతుందని ఆనంద్ పాల్ రాశాడు. చూసి చెప్పండి మాస్టారూ, మీరు చూసి నడవలేదంటే అదే ఆఖరి మాట అన్నాడు జయకృష్ణ. అది ఆ జట్టులో మొదటి నుంచీ ఉన్న కట్టుబాటు. మిషన్ ఎవరి దగ్గరుంటే వాళ్ళు పరీక్షించాలి, వాళ్ళ మాటే చెల్లాలి. సాక్ష్యం అడగడం మర్యాద కాదు.

రెండో శనివారం బడికి సెలవు. ఆనంద్ పాల్ కృపమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని, చేపల చెరువుల గట్ల మీదుగా గంటసేపు బండి నడుపుకుంటూ వెళ్ళాడు. ఏడింటిలో బాగా ముసలి మిషన్ని ఎంచుకుని, జయకృష్ణ టూల్ ఎక్కించి, ఎక్కడాగుతుందా అని ఎదురుగా కూర్చున్నాడు. ఎక్కడా ఆగలేదు. తన స్క్రిప్టుకి అదే మిషన్ మీద ముప్పావుగంట పడుతుంది. దీనికి నాలుగు నిమిషాలు పట్టింది. తెర మీద తెలుగు అక్షరాలు శుభ్రంగా వచ్చి కూర్చున్నాయి. ఇంకోసారి చేశాడు, మళ్ళీ అదే. బయట చేపల మేత లారీ ఏదో హారన్ కొడుతోంది. ఆ ఖాళీ గదిలో ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే జట్టుకి రాసెయ్యొచ్చు. "నడిచింది, బాగుంది" అంటే సరిపోయేది, పెద్దరికం కూడా మిగిలేది. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఆరు నెలలు వాదించిన మనిషికి నాలుగో కాలు చూపించడం అంత తేలికా! ఎక్కించినదంతా చెరిపేసి, ఇంటికొచ్చి రెండు వాక్యాలు రాసి పంపాడు. "పాత మిషన్ మీద పరీక్షించాను. మధ్యలో ఆగిపోయింది."

ఇక తన స్క్రిప్టుకి ఢోకా లేదనుకున్నాడు. పిల్లల్ని కాదని ఎవరు టూల్ మారుస్తారు? అక్కడే దెబ్బతిన్నాడు. రెండు రోజులకి జయకృష్ణ జవాబు వచ్చింది. మాస్టారి మాట మీద తనకి అనుమానం లేదనీ, చాలా బాధగా ఉందనీ రాశాడు. కానీ కొందరికి కొత్త దారి, కొందరికి పాత దారి అని రెండు దారులు మోసే ఓపిక ఆరుగురికి లేదనీ, కాబట్టి ఈ విడుదల నుంచి పాత మిషన్లకి తెలుగు ప్యాకేజీ ఆపేద్దామనీ అన్నాడు. అఖిల అందరి అభిప్రాయం అడిగింది. నలుగురు సరేనన్నారు. ఆనంద్ పాల్ ఏమంటాడు? నడుస్తుందంటే అబద్ధాలకోరు. నడవదంటే పిల్లల నోట్లో మన్ను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. వారం గడువు దాటింది, జవాబు లేకపోతే సమ్మతే అనుకున్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పంటించుకోవడమంటే ఇదే మరి.

కొత్త విడుదల జూలైలో వచ్చింది. బడి మిషన్లు వాటంతటవే అప్‌డేట్ అయ్యేలా పెట్టింది ఆనంద్ పాలే. ఓ సోమవారం సాయంత్రం కృపమ్మ ఇంటికొచ్చి, బ్యాగు కూడా దించకుండా చెప్పింది. ఏడు మిషన్లలోనూ తెలుగు లేదట. అక్షరాలున్న చోటల్లా ఖాళీ గళ్ళు కనిపిస్తున్నాయట. ఆ నెల పత్రికని పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి అంటిస్తే, రేవు దగ్గర ఎవరూ ఆగలేదట. ఆయనకి అన్నం సయించలేదు.

మర్నాడు సెలవు పెట్టి కృపమ్మని వెనకాల ఎక్కించుకుని బడికి వెళ్ళాడు. ముందు తన స్క్రిప్టుతోనే చూశాడు. కొత్త విడుదలలో అది మొదటి పది లైన్లు కూడా దాటలేదు. ఇంక గతి లేక జయకృష్ణ టూల్ దింపాడు. కృపమ్మ వెనక నిలబడి చూస్తోంది. కాసేపటికి తెర మీద గళ్ళు పోయి కొర్రమీను వచ్చింది. ఆవిడకి బిల్డులూ టూళ్ళూ తెలీవు గానీ, మొగుడి వీపు చూస్తే మనసు తెలుస్తుంది.

"ఇది ఆ అబ్బాయి చేసిందేనా అండీ? వీటి మీద నడవదని మీరే చెప్పారు కదా?"

ఆయన తల తిప్పకుండా రెండో శనివారం సంగతంతా చెప్పాడు. ఆరు మిషన్లు సరిచేసి ఏడో దాని దగ్గరికి వెళ్ళబోతుంటే కృపమ్మ అడిగింది, మన బడికి మీరొచ్చి చేశారు, మిగతా ఊళ్ళ సంగతేంటని. ఆ ఊళ్ళేవో ఆయనకేం తెలుసు? ఉచితంగా ఇచ్చేదాన్ని ఎవరు తీసుకున్నారో ఎవరూ రాసిపెట్టుకోరు. అలాంటి బళ్ళు ఇంకో రెండుండొచ్చు, ఇంకో రెండొందలుండొచ్చు. జట్టుకి మెయిల్ రాస్తానని గొణిగాడు.

"రాసిందంతా చాలండీ. ఆ అబ్బాయికి ఇప్పుడు, నా ఎదురుగా ఫోన్ చెయ్యండి."

వరండాలోకొచ్చి చేశాడు. జయకృష్ణ వెంటనే ఎత్తి, మాస్టారండీ, ఎన్నాళ్ళైందండీ అన్నాడు. ఆనంద్ పాల్ మూడు నాలుగు మాటల్లో ఒప్పుకున్నాడు.

"అఖిలగారు అప్పుడే ఇంకోసారి పరీక్షిద్దామన్నారండీ," అన్నాడు జయకృష్ణ. "లంకకి నన్నే వెళ్ళి రమ్మన్నారు. మాస్టారు చూసి చెప్పాక మళ్ళీ నేను చూడ్డమేంటండీ, అది ఆయన్ని అవమానించడమే అని నేనే వద్దన్నాను."

గొంతు పెంచలేదు. వచ్చే విడుదల రెండేళ్ళకనీ, అప్పుడు పాత మిషన్ల సంగతి జట్టులో పెడతాననీ, ఈలోగా జట్టువాళ్ళకి తనే ఏదో ఒకటి సర్దిచెబుతాననీ చెప్పాడు. ఉంటానండీ అన్నాడు. ఆ ఉంటానండీకి ముందు మాస్టారూ అనలేదు.

ఆనంద్ పాల్ లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కృపమ్మ కళ్ళతోనే ఏమన్నాడని అడిగింది.

"తిట్టలేదు," అన్నాడాయన. తిట్టి ఉంటే బాగుండునన్న ఏడుపు గొంతులోనే తెలిసిపోతోంది. "ఒక్క మాట కూడా అనలేదు."

కృపమ్మ ఆయన ముందున్న తాళంచెవి తీసి తన బ్యాగులో వేసుకుంది.

"ఇంకెందుకు తిడతాడండీ? మనవాళ్ళనుకున్నంత కాలమే ఎవరైనా తిట్టేది."

మధ్యాహ్నం బడి గంట కొట్టారు. ఆవిడ చాక్‌పీసు డబ్బా తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయింది.