డునెడిన్‌కు మోసుకెళ్ళిన కప్పు

బంతి బ్యాట్‌కు తగిలిన చప్పుడు నాకు వినపడింది. రెండు వేల నాలుగు మార్చిలో, పామర్‌స్టన్ నార్త్‌లో, మా సీజన్ చివరి మ్యాచ్‌లో నేను అంపైర్‌గా నిలబడి ఉన్నాను. వినపడలేదని ఆ తర్వాత కమిటీ ముందు చెప్పాను. నాలుగేళ్ళపాటు ఎవరు అడిగినా అదే చెప్పాను. ఈ ప్రయాణానికి ఆ అబద్ధమే కారణం. ఈ దారిన వెళ్ళదలచినవాళ్ళకు పనికొచ్చే సంగతులు కూడా మధ్యమధ్య చెబుతాను.

మా పాత జట్టువాడు నర్సింగ్ ఉండేది డునెడిన్‌లో. అక్కడికి విమానం ఎక్కితే మధ్యాహ్నానికల్లా దిగొచ్చు. నేను రైలు, ఓడ, మళ్ళీ రైలు, ఆపైన బస్సు పట్టుకుని మూడు రోజులు తీసుకున్నాను. దారి బాగుంటుందని ఇంట్లో చెప్పాను.

"దారి బాగుండి కాదు. నర్సింగ్ మొహం చూడ్డానికి ధైర్యం చాలక" అంది మా ఆవిడ, ఐస్‌క్రీమ్ డబ్బాలో పులిహోర సర్దుతూ. అద్దాల బీరువాలోంచి వెండిరంగు కప్పు తీసి నా బ్యాగులో పెట్టింది. "ఇది కూడా పట్టుకెళ్ళండి. తుడవలేక చస్తున్నాను."

వెల్లింగ్టన్ రైలు తెల్లవారకముందే బయల్దేరుతుంది. పనిరోజుల్లోనే ఉంటుంది, చూసుకోండి. ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది రోజూ ఆఫీసులకు పోయివచ్చేవాళ్ళు. నా పక్క సీటావిడ అల్లిక పని చేసుకుంటోంది. పులిహోర డబ్బా కోసం బ్యాగు తెరిస్తే ఆమెకు కప్పు కనపడింది.

"ఏదైనా గెలిచావేంటి?"

"క్రికెట్‌లో నిజాయితీకి ఇచ్చారు."

"మా ఆయనకైతే ఈ జన్మలో రాదు" అని ఆమె పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. డబ్బా తెరవకుండానే మూత గట్టిగా నొక్కి పెట్టేశాను.

మధ్యాహ్నం ఓడ. కుక్ జలసంధి దాటడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. కడుపులో తిప్పేవాళ్ళు లోపల కూర్చోకండి, పై డెక్ మీద గాలికి నిలబడండి. నేనూ అక్కడే నిలబడి ఆ సీజన్ మొదటి నుంచీ తలుచుకున్నాను.

మా జట్టులో ఆరుగురం తెలుగువాళ్ళం. నేను గుంటూరు వాణ్ణి, ఆసుపత్రి ల్యాబులో పని. నర్సింగ్‌ది కరీంనగర్. మైదానానికి రెండు వీధుల అవతల డెయిరీ నడిపేవాడు. డెయిరీ అంటే ఇక్కడ పాలకేంద్రం కాదు, పాలు, బ్రెడ్డు, పేపరు అన్నీ దొరికే మూలకొట్టు. మిగతా అయిదుగురూ కివీలు. కెప్టెన్ గ్రెగ్ గొర్రెల ఉన్ని కత్తిరించే కాంట్రాక్టరు.

అక్టోబర్‌లో వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయాం. నవంబరు సగం వానకే పోయింది. క్రిస్మస్ ముందు నర్సింగ్ ఆఫ్‌స్పిన్ ఎందుకో గాడిన పడింది. వారం వారం వికెట్లు తీయడం మొదలుపెట్టాడు, బ్యాటింగ్‌లో మూడో నంబరుకు వచ్చాడు. టీ విరామానికి వాళ్ళావిడ స్వరూప మిరపకాయ బజ్జీలు పంపేది. ఎదుటి జట్టువాళ్ళు కూడా కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ వరసలో నిలబడేవాళ్ళు. ఫిబ్రవరి ఆఖరుకు పట్టికలో మేమూ, నది అవతలి క్లబ్బూ సమానం. చివరి శనివారం వాళ్ళతోనే ఆట. గెలిచినవాళ్ళదే ట్రోఫీ. నర్సింగ్ కొట్లో పాలు కొనేవాళ్ళందరిదీ ఆ మాటే. "వచ్చే ఏడాది కెప్టెన్ నువ్వే" అని గ్రెగ్ వాడితో అన్నాడు కూడా.

పిక్టన్‌లో దిగి రేవు దగ్గర బ్యాక్‌ప్యాకర్స్ అనే చవక లాడ్జీలో పడుకున్నాను. గది చిన్నది, శుభ్రంగా ఉంది, దుప్పటి అడిగితేనే ఇస్తారు. మర్నాడు మధ్యాహ్నం క్రైస్ట్‌చర్చ్ రైలు. సముద్రం వైపు సీటు కావాలంటే ముందే చెప్పండి. దారిలో ఉప్పుమడుగులు గులాబీ రంగులో కనిపిస్తాయి. కైకౌరా దగ్గర రాళ్ళ మీద సీల్స్ పడుకుని ఉంటాయి. పక్కనున్న జర్మనీ జంట ఫోటోలు తీసుకుంటుంటే నేను కిటికీ వదిలి వాళ్ళకు చోటిచ్చాను. నేను చూస్తున్నది ఆ శనివారాన్ని.

మా స్థాయి క్రికెట్‌కు అంపైర్లను ఎవరూ పంపరు. బ్యాటింగ్ చేసే జట్టులోంచే ఇద్దరు వెళ్ళి నిలబడాలి. మనవాడి మీద మనమే తీర్పు చెప్పాలి. జనవరిలో ఇదే ప్రత్యర్థి జట్టుతో ఆడినప్పుడు అంపైర్లుగా నిలబడ్డ మావాళ్ళు వాళ్ళ అప్పీళ్ళు మూడు తోసిపుచ్చారు. సాయంత్రం బార్‌లో వాళ్ళ కెప్టెన్ గట్టిగానే అన్నాడు: "ఇండియన్లు అంపైర్లయితే మూడు వికెట్లూ నేలకూల్చాల్సిందే, లేకపోతే అవుట్ ఇవ్వరు." నేను వెనకే ఉన్నాను. ఆ మాట నా చెవిలో రెండు నెలలు ఉండిపోయింది.

చివరి మ్యాచ్‌లో ఇంకో పన్నెండు పరుగులు కావాలి. నర్సింగ్ కుదురుకుని ఆడుతున్నాడు. వాళ్ళ కెప్టెనే బౌలింగ్. బంతి లోపలికి వచ్చింది, బ్యాట్ అంచుకు టిక్కున తగిలి ప్యాడ్‌కు కొట్టుకుంది. ఎల్బీడబ్ల్యూ అని పదకొండు మందీ అరిచారు. టిక్కుమన్నది నాకు స్పష్టంగా వినపడింది. ముందు బ్యాట్‌కు తగిలితే అది అవుట్ కాదు. అయినా నా వేలు లేచింది. ఆ క్షణంలో నేను నర్సింగ్‌ను చూడలేదు, వాళ్ళ కెప్టెన్ మొహం చూశాను. నేను అలాంటి ఇండియన్‌ను కాదని అతనికి చూపించాలనిపించింది.

నర్సింగ్ బ్యాట్ అంచు చూపించాడు, ఎర్రటి మరక ఉంది. "అన్నా, జర చూడే!" అన్నాడు. నేను తల తిప్పుకున్నాను. వాడు బ్యాట్‌తో వికెట్లు ఎగరగొట్టి, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మేం ఓడిపోయాం. కమిటీ వాడిని రెండు సీజన్లు నిషేధించింది. నన్ను పిలిచి, ఏమైనా చప్పుడు వినపడిందా అని అడిగింది. లేదన్నాను. బహుమతుల రోజు నాకు క్రీడాస్ఫూర్తి కప్పు ఇచ్చారు. వాళ్ళ కెప్టెన్ నా భుజం తట్టి, "సొంత జట్టువాణ్ణి అవుట్ ఇవ్వాలంటే గుండె ఉండాలి, మేట్" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు సంతోషించాను.

మైదానానికి వచ్చేవాళ్ళు నర్సింగ్ కొట్టుకు రావడం తగ్గించారు. అది నేను ఊహించిందే. ఊహించనిది మన తెలుగువాళ్ళ సంగతి. ఉగాది కార్యక్రమంలో భోజనాల బల్ల దగ్గరే, వాడికి వినపడేలా, "ఒక్కడి వల్ల అందరి పరువూ పోయింది" అన్నారు. నేను పచ్చడి వడ్డించుకుంటున్నాను. పళ్ళెం పట్టుకుని పక్క బల్లకు వెళ్ళిపోయాను. ఆ చలికాలం వాడు కొట్టు అమ్మేసి డునెడిన్ వెళ్ళిపోయాడు.

క్రైస్ట్‌చర్చ్‌లో ఒక రాత్రి ఉండి పొద్దున్నే బస్సెక్కాను. ఓమరూలో భోజనానికి ఆపుతారు. శాకాహారులు చీజ్ రోల్ అడగండి, ఈ దక్షిణాన తప్ప ఇంకెక్కడా సరిగ్గా చెయ్యరు. మధ్యాహ్నం దాటాక డునెడిన్. బస్సు ఆగేచోట నర్సింగ్ జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. జుట్టు పలచబడింది.

"ఏందన్నా, గింత దూరం బస్సుల పడి ఒచ్చినవ్? ప్లేన్ టికెట్‌కు పైసల్లేకుంటే నేనే పంపుతుంటి గద" అన్నాడు.

యూనివర్సిటీ దగ్గర మళ్ళీ చిన్న డెయిరీ పెట్టుకున్నాడు. విద్యార్థులు చెప్పులు లేకుండా వచ్చి మాంసం కూరిన పైలు కొనుక్కుపోతున్నారు. క్రికెట్ ఆడుతున్నావా అని అడిగాను.

"లేదే. బౌల్స్ ఆడుత. ముసలోళ్ళ ఆట. గడ్డి మీద బంతి దొర్లిచ్చుడే. ఎవ్వడు అవుటని ఒర్రడు, ఎవ్వడు ఏలెత్తడు."

సాయంత్రం స్వరూప బజ్జీలు వేసింది. తింటూ ఉంటే తనే అంది: "ఆ మ్యాచ్ గురించి ఎవరన్నా అడిగితే ఈయన ఒక్కటే మాట చెప్తడన్నా. అన్నకు ఇనపడలేదు, ఇనపడితే అట్ల ఇయ్యడు అని. నన్నుగూడ మిమ్మల్ని ఒక్క మాట అననియ్యలే."

చేతిలో బజ్జీ తిరిగి పళ్ళెంలో పెట్టేశాను. నీళ్ళు తాగాను. ఆ పూట చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున బస్సు దగ్గరకు వాడే తన కారులో తీసుకొచ్చాడు. దిగే ముందు చెప్పాను. "నర్సింగూ, బ్యాట్‌కు తగిలింది నాకు వినపడింది."

వాడు ఇంజన్ ఆపాడు. "ఇనపడే ఇచ్చినవా?"

"అవును."

"ఎందుకన్నా?"

"మనల్ని దొంగలంటారని."

"అంటరని నన్ను దొంగను జేసినవ్."

కప్పు తీసి వాడి చేతిలో పెట్టబోయాను. ముట్టుకోలేదు.

"ఇది నేనేం జేస్కోను? తగిలినట్టు నాకు అప్పుడే ఎర్క, బ్యాట్ నా చేతులనే ఉండె. నీకు ఇనపడలేదనుకుని ఇన్నేండ్లు మంచిగున్న. అది గూడ తీస్కున్నవ్." తన వైపు డోరు తీశాడు. "నాకు గాదు చెప్పుడు. ఎర్క లేనోళ్ళకు చెప్పు."

నా బ్యాగు మాత్రం తనే మోసుకెళ్ళి బస్సు డిక్కీలో పెట్టాడు. చెయ్యి ఊపలేదు.

తిరుగు దారి అదే బస్సు, అదే రైలు, అదే ఓడ. ఈసారి జలసంధి అల్లకల్లోలంగా ఉంది. నా ఎదుటి లారీ డ్రైవరు, "వెళ్ళేటప్పుడు బాగుంటుంది, వచ్చేటప్పుడే దీని అసలు రంగు" అని కాగితం సంచీ అందించాడు. అది అవసరం పడింది.

ఇంటికి చేరిన శనివారమే క్లబ్బుకు వెళ్ళాను. కప్పు బార్ మీద పెట్టి, గ్రెగ్ ముందూ, ఆడడానికి వచ్చిన నది అవతలివాళ్ళ ముందూ జరిగింది చెప్పాను. వాళ్ళ పాత కెప్టెన్ బీరు దించి, "అది ఎప్పటి సంగతి, మేట్? ఎవరికి గుర్తుంది?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. గ్రెగ్ మాత్రం నవ్వలేదు. కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఎవరి మెప్పు కోసం వేలెత్తానో వాళ్ళకు ఆ మ్యాచే గుర్తులేదు. గుర్తున్నది మనవాళ్ళకు. ఇప్పటికీ నర్సింగ్ పేరెత్తితే వికెట్లు ఎగరగొట్టినవాడనే అంటారు. అందుకే ఈ ప్రయాణం గురించి మన తెలుగువాళ్ళ పత్రికలో రాశాను. ఆ ఉగాది బల్ల దగ్గర ఉన్నవాళ్ళు ఇది చదువుతారు. మీ అందరి ముందు చెబుతున్నాను: ఆ రోజు నర్సింగ్ అవుట్ కాదు. పరువు తీసింది వాడు కాదు, నేను. తమ్ముడూ, నాకు వినపడింది. నన్ను క్షమించు.