మూడు మెట్లూ, కట్లక్క రిజిస్టరూ

మా బడిలో ఎవరూ కొట్టుకోరండి. కావాలంటే రిజిస్టరు చూసుకోండి. పదకొండేళ్ళలో ఒక్క కొట్లాట లేదు. జారిపడటాలు మాత్రం మూడొందల పైచిలుకు, అన్నీ వరండా మెట్ల మీదే. ఆ మెట్లెన్నో తెలుసా? మూడు.

రాసింది మా కట్లక్క. దెబ్బలకి కట్లు కట్టే ఫస్ట్ ఎయిడ్ గది ఆవిడది, పక్కనున్న సైన్సు ల్యాబు నాది. గాజు గొట్టాలు కడగడం నా ఉద్యోగం. ఆవిడ చెయ్యి ఎంత మెత్తనంటే, టించరు పూస్తున్నా పిల్లలు ఏడవడం మర్చిపోయేవాళ్ళు. మొగుడు పోయాక ఆ జీతంతోనే కొడుకుని పెంచుకొచ్చింది. వాడూ మా బడే, పదో తరగతి. "వాడొక్కడు గట్టెక్కితే చాలు తమ్ముడూ, నాకింకేం వద్దు" అనేది రోజుకోసారి.

ఇక మా హెడ్మాస్టరున్నాడు, మహానుభావుడు. ఆయన గదిలో 'ప్రశాంత పాఠశాల' అని అద్దం కట్టించిన సర్టిఫికెట్టు ఉంది. రిజిస్టర్లో 'కొట్టారు' అన్న మాట పడితే అది కాస్తా ఊడుతుందని ఆయన బెంగ. అందుకని ఎవడి ముక్కు పగిలినా గుమ్మంలో నిలబడి "జారాడని రాయమ్మా" అనేవాడు. అక్క రాసేది. ఉద్యోగం పోతే తిండెవడు పెడతాడు? బడిలో వాటర్ ట్యాంకు గ్యాంగనీ, వెనక గేటు గ్యాంగనీ రెండు ముఠాలు. ఒకళ్ళనొకళ్ళు సైకిల్ చైన్లతో పలకరించుకునేవాళ్ళు. ఒకసారి తనిఖీకొచ్చిన పెద్దసారు రిజిస్టరంతా తిరగేసి, తెగ బాధపడిపోయి, మెట్లకి గరుకు రాయి వేయించి వెళ్ళాడు. ఏం బుర్రండీ!

కిందటి నెల ఇస్త్రీ బండాయన కొడుకుని నేనే చేతుల మీద మోసుకొచ్చాను. ఏడో తరగతి పిల్లాడు. ఎడమ కన్ను మూసుకుపోయింది, చెవిలోంచి రక్తం. ట్యాంకు గ్యాంగుకి కబుర్లు మొయ్యనన్నాడట, అదీ వాడు చేసిన ఘోరం. నాకు ఒళ్ళు మండిపోయింది. అంబులెన్సుకి ఫోన్ చేశాం. అక్క దూది అద్దుతూ "ఎవర్రా నాన్నా?" అంది. వాడు ఆవిడ మొహం చూసి తల దించుకున్నాడు.

అంతలో అక్క కొడుకే వచ్చాడు, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని.

"కట్టు కట్టమ్మా, మెట్ల మీద జారాను."

"తియ్యి చెయ్యి."

నాలుగు మెటికలూ చిట్లిపోయి ఉన్నాయి. జారినవాడికి అరచేతులు దోక్కుపోతాయి. మెటికలెప్పుడు పగులుతాయో కట్లక్కకి ఇంకొకరు చెప్పాలా? మంచం మీది పిల్లాడు కొడుకుని చూసి గోడవైపు ముడుచుకుపోయాడు. అక్క చేతిలో దూది పక్కన పెట్టేసింది.

హెడ్మాస్టరు రానే వచ్చాడు. "మామూలుగానే రాసెయ్యమ్మా. పరీక్షల ముందు నీ కొడుకు భవిష్యత్తు కూడా చూసుకోవాలిగా" అన్నాడు. ఎంత దయో!

వెనకాలే ఇస్త్రీ ఆయన పరుగెత్తుకొచ్చాడు, చెమటలు కక్కుతూ. "మావాడు మెట్ల మీద జారాడట కదమ్మా? ఎంత దెబ్బ తగిలింది?" అన్నాడు.

అక్క రిజిస్టరు తీసింది. రాసింది. ఆయనకి చదువు రాదని తెలుసు కాబట్టి పైకి చదివింది కూడా. "జారలేదు, కొట్టారు. ఒకడు నా కొడుకు."

ఇస్త్రీ ఆయన పిల్లాణ్ణి గుండెకి హత్తుకున్నాడు. అక్క కొడుకే గయ్యిమన్నాడు.

"ఇన్నేళ్ళూ ఎవడేం చేసినా జారాడనే రాశావుగా! నాకొక్కడికే ఎందుకిలా? నువ్వు రాస్తావనే ధైర్యంతోనే కదమ్మా మేం కొట్టింది!"

అక్క తలెత్తి నావైపు చూసింది. ఇన్నేళ్ళూ పక్కగదిలో అన్నీ వింటూ కూర్చున్న నేను మాత్రం ఆవిడ కళ్ళలోకి ఎలా చూస్తాను?