మూడు ఆటోలు, ఒకే గొంతు

ఆ రోజుల్లో నాకు నా గొంతు మీద అపారమైన నమ్మకం ఉండేది. పార్టీల మీద మాత్రం ఏ అభిప్రాయమూ లేదు, కండువా రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని. (ఇప్పుడు అలా కూడా కుదరడం లేదు. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు.) నిజామాబాద్‌లో డిగ్రీ ముగించి, బోధన్‌లో మా ఇంట్లో ఖాళీగా కూర్చున్న నన్ను, ఎన్నికల ముందు వీధి చివర రికార్డింగ్ స్టూడియో నడిపే అన్న పిలిపించాడు. ప్రచార ఆటోలకు ఆడగొంతు కావాలట. రాజ్యాన్ని నేనే నిలబెట్టబోతున్నట్టు మిరియాలు నమిలి మరీ వెళ్లాను.

మొదటి పార్టీ రాసిచ్చిన కాగితంలో రోడ్లు, పింఛన్లు, పసుపుకు మంచి ధర, "ఎదుటి పార్టీల అబద్ధాలు నమ్మకండి" అన్న హెచ్చరిక, చివర్లో అసలు ముక్క: "వంద రోజుల్లో మన చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మళ్లీ మోగుతుంది!" అక్కడ నా గొంతు దానంతటదే వణికింది. మూతపడ్డ ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించింది మా నాన్నే, మా బాపు. షిఫ్టుకోసారి ఊరంతటినీ లేపిన మనిషి, ఫ్యాక్టరీ పోయాక లేపడానికి ఎవరూ లేక, రోజూ పొద్దున ఆరింటికి గడప మీద ఊరికే కూర్చునేవాడు. ఇవేవీ తెలియని స్టూడియో అన్న మాత్రం, "ఏం సదివినవ్ చెల్లె! ఓట్లు కుప్పలు పడ్తయ్" అన్నాడు.

ఆ వారంలోనే మిగతా రెండు పార్టీలూ వచ్చాయి. కాగితాలు తిప్పి చూస్తే అవే హామీలు, అదే హెచ్చరిక, ఆఖరికి ఆ వంద రోజులతో సహా. అప్పటికి నా గొంతు బొంగురుపోయింది. "పార్టీ పేరు, గుర్తు జెప్పు సాలు. మిగిలింది పాతదే అతికిస్త. పార్టీలు మారినయ్ గని ముచ్చట మారిందా?" అన్నాడు అన్న. నాకూ సబబుగానే తోచింది.

ప్రచారం చివరి రోజు బస్టాండ్ దగ్గరి చౌరస్తాలో నేను చూస్తుండగానే మూడు ఆటోలూ మూడు దిక్కుల నుంచి వచ్చి ఇరుక్కున్నాయి. ఒక ఆటోలో నేను మిగతా రెండు ఆటోల్లోని నన్ను నమ్మవద్దని మొత్తుకుంటుంటే, ఆ రెండింట్లోనూ నేనే తిరిగి తిడుతున్నాను. పక్క అరుగు మీద బీడీలు చుడుతున్న అవ్వ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఏం పిల్లా, ఒక్కదానివే గిన్ని పార్టీలల్ల ఎట్ల జేరినవే?" నేను చున్నీ ముఖానికి కప్పుకున్నాను. అంతలో ఎదురుగా చాయ్ హోటల్ లోంచి బాపు వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మూడు పార్టీలు ఒక్కతీర్గ జెప్తున్నయంటే ఇగ పక్కా బిడ్డా! ఎవడు గెలిస్తే మనకేంది?"

ఆ సాయంత్రమే పెట్టె అడుగు నుంచి ఫ్యాక్టరీ నాటి ఖాకీ చొక్కా తీసి ఇస్త్రీకి ఇచ్చి వచ్చాడు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. నాయకుల మాట బాపు ఏనాడూ నమ్మలేదు, ఆయన నమ్మింది నా గొంతుని.

గెలిచినాయన, పైన సర్కారు మా పార్టీది కాదు, నేనేం చేయను అన్నాడు. నెల తిరగకుండా అభివృద్ధి కోసమని సర్కారు పార్టీలోకే దూకి, ఫ్యాక్టరీ సంగతి పరిశీలనలో ఉంది అన్నాడు. (దూకడం మాత్రం ఏ పరిశీలనా లేకుండానే జరిగింది.) వందో రోజు పొద్దున ఆరింటికి బాపు ఖాకీ చొక్కా తొడుక్కుని గడప మీద కూర్చున్నాడు. నేను చాయ్ తెచ్చి పక్కనే కూర్చున్నాను. ఆరున్నరకు ఆయనే పై గుండీ విప్పుకుంటూ, "ఆల్లకు సైరన్ నడిపెటోడు దొర్కలేదేమో" అని లోపలికి పోయాడు.

మొన్న మళ్లీ ఎన్నికలు. స్టూడియో అన్న ఈసారి కాగితం పట్టుకుని ఇంటికే వచ్చాడు. సైరన్ ముక్క కొట్టేస్తేనే చదువుతానని మొండికేశాను. లోపలి నుంచి బాపు కేకేశాడు.

"గా ముక్క తియ్యకు బిడ్డా. ఇగ నేనేం నమ్మ గని, నీ గొంతుల ఇంటె మంచిగుంటది."

చదివాను. రాజ్యం నిలబెడదామని బయల్దేరిన గొంతు ఇప్పుడు చేయగలిగిన తిరుగుబాటు ఒక్కటే. బాపు మళ్లీ చొక్కా ఇస్త్రీకి ఇవ్వకుండా, "వంద రోజుల్లో" అన్న మాట మింగేశాను.